ఎనిమిదేళ్లకు దగ్గరపడ్డ ఎలక్ట్రిక్ కారు: ఉంచుకోవాలా, ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయాలా?

ప్రశ్న: మా ఎలక్ట్రిక్ కారు కొని ఏడున్నరేళ్లు దాటింది. 92,000 కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీ 40 యూనిట్లది. కొత్తలో ఫుల్ ఛార్జ్ పెడితే తెర మీద 240 కిలోమీటర్లు చూపించేది, ఇప్పుడు 175 దాటడం లేదు. రోజూ ఆఫీసుకి రానూపోనూ 55 కిలోమీటర్లు నేనే నడుపుతాను. రాత్రిపూట ఇంట్లోనే ఛార్జింగ్. ఏడాదికి ఐదారుసార్లు 230 కిలోమీటర్ల దూరంలో ఉన్న మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్తాం. ఆ ప్రయాణమంటేనే భయం వేస్తోంది. మాది పాత చాడెమో రకం ఫాస్ట్ ఛార్జింగ్ పోర్టు. దారిలో దానికి సరిపడే మెషీన్ ఒక్కటే ఉంది, అదీ సగంసార్లు పనిచెయ్యదు. బ్యాటరీ వారంటీ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. ‘ఎనిమిదేళ్లు దాటితే బ్యాటరీ పని అయిపోయినట్టే, ఇప్పుడిచ్చేస్తే మంచి ఎక్స్ఛేంజ్ బోనస్ ఇప్పిస్తాం’ అని షోరూంవాళ్లు మావారికి చెప్పారు. ఆయన ఇచ్చేద్దామనే అంటున్నారు. రోజువారీ తిరుగుడులో ఒక్కనాడూ మొరాయించని బండిని వదులుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. కొత్తది కొంటే పర్యావరణానికి చేటు కదా అని మా అమ్మాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఇంట్లో ముగ్గురిది మూడు మాటలుగా ఉంది కాబట్టి ముందు నా మాట చెప్పేస్తాను. ఉంచుకోండి. అయితే వారంటీ గడువు లోపల ఒక పని తప్పకుండా చేసి, ఆ తర్వాతే ఉంచుకోండి. ఆ పనిలో తేలే ఫలితాన్ని బట్టి నా సలహా తిరగబడే అవకాశమూ ఉంది. అదేమిటో కింద రాస్తున్నాను.

మొదట ఆ 240, 175ల సంగతి. 175ని 240తో భాగించి, బ్యాటరీ 73 శాతానికి పడిపోయిందని మీవారు లెక్కవేసే ఉంటారు. అందరూ అదే చేస్తారు. కానీ తెర మీద కనిపించే ఆ కిలోమీటర్లు బ్యాటరీని కొలిచి చెప్పేవి కావు. మీరు ఈమధ్య ఎలా నడిపారో చూసి, ఇకముందూ అలాగే నడుపుతారనుకుని కారు వేసే అంచనా అది. నాలుగు రోజులు ఏసీ గట్టిగా వేసుకుని హైవే మీద తోలితే అంకె తగ్గుతుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగితే పెరుగుతుంది. టైర్లు మార్చినా, గాలి తగ్గినా, చలికాలం వచ్చినా మారుతుంది. కారు కొన్న కొత్తలో ఎవరైనా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు, తర్వాత చెయ్యి తిరిగి వేగం పెరుగుతుంది. ఆ తేడా కూడా బ్యాటరీ ఖాతాలోనే పడిపోతోంది.

అసలు సంగతి తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మరీ ఎండగానీ మరీ చలిగానీ లేని రోజు చూసుకోండి. ఛార్జ్ 10 శాతం దగ్గరికి వచ్చేదాకా మామూలుగా నడపండి. తర్వాత ఇంట్లో స్లో ఛార్జర్ పెట్టి 100 శాతం అయ్యేదాకా వదిలెయ్యండి. గోడకున్న ఛార్జర్‌లో మీటరుంటే సరే, లేకపోతే ప్లగ్ దగ్గర ఆ లోడుకు తగ్గ చిన్న ఎనర్జీ మీటరు పెట్టించుకోండి. 33 యూనిట్లు తిరిగాయనుకుందాం. గోడ నుంచి బ్యాటరీకి చేరేలోపు ఛార్జర్ వేడికి, కారులోని ఎలక్ట్రానిక్స్‌కి కలిపి సుమారు 10 నుంచి 15 శాతం పోతుంది. 12 శాతం తీసేస్తే 29 యూనిట్లు మిగులుతాయి. ఇది బ్యాటరీలో 90 శాతం భాగం నింపడానికి పట్టింది కాబట్టి, మొత్తం బ్యాటరీ 32 యూనిట్ల పైచిలుకు అన్నమాట. మీ 40 యూనిట్ల బ్యాటరీలో కొత్తలో నిజంగా వాడుకోవడానికి దొరికింది 39 అనుకుంటే, ఇప్పుడున్నది 83 శాతం. 73కీ 83కీ మధ్య ఎంత దూరముందో చూడండి. ఒకటి భయపెట్టి షోరూంకి పంపిస్తుంది, ఇంకోటి బండి తీసుకుని పనికి పొమ్మంటుంది. మీ కారులో సరిగ్గా 33 యూనిట్లే తిరుగుతాయని నేననడం లేదు. అంకెలు మీవి పెట్టుకోండి. శాతం చూపించే మీటరులోనూ కాస్త తప్పు ఉంటుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చేసి చూడండి.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలనుంటే, స్టీరింగ్ కిందుండే ఓబీడీ సాకెట్‌కి పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం, ఫోన్లో ఒక యాప్ ఉంటే చాలు. చాలా మోడళ్లకు బ్యాటరీ ఆరోగ్య శాతమూ, విడివిడిగా సెల్ ఓల్టేజీలూ కనిపిస్తాయి. అందులో నేను ఆరోగ్య శాతం కన్నా సెల్ ఓల్టేజీలనే ముందు చూస్తాను. ఎందుకంటే బ్యాటరీకి రెండు రకాల జబ్బులుంటాయి, రెండింటికీ వైద్యం వేరు.

మొదటిది వయసు వల్ల వచ్చేది. ఛార్జ్ అయ్యేటప్పుడు గ్రాఫైట్ వైపున్న ఎలక్ట్రోడ్ మీద ఒక పలచటి పొర ఏర్పడి, కొంత లిథియాన్ని తనలో పట్టేసుకుంటుంది. ఆ లిథియం ఇక కరెంటు మోయడానికి రాదు. పొర మందం పెరిగేకొద్దీ, అది కొత్తగా పేరుకునే వేగం తగ్గుతుంది. అందుకే మొదటి ఒకటి రెండేళ్లలో గబగబా తగ్గినట్టు కనిపించి, తర్వాత నెమ్మదిస్తుంది. వేడి, ఎక్కువ ఛార్జ్‌తో రోజుల తరబడి నిలబెట్టడం, ఈ రెండూ దీన్ని తొందరపెడతాయి. వేల వాహనాల నుంచి వచ్చిన డేటా చూసి జియోటాబ్ సంస్థ 2024లో వేసిన లెక్క ప్రకారం సగటు తగ్గుదల ఏడాదికి 1.8 శాతం. అంతకుముందు ఇదే సంస్థ వేసిన లెక్కలో అది 2.3 శాతం. సగటు సగటే, మీ కారు దానికి కట్టుబడి ఉండాలనేం లేదు. కానీ ఎనిమిదో పుట్టినరోజు నాడు బ్యాటరీ కుప్పకూలుతుందన్న మాటకు ఇందులో ఎక్కడా ఆధారం లేదు. ఎనిమిదేళ్లు అనేది కంపెనీలు పూచీ ఇచ్చే గడువు మాత్రమే.

రెండోది, ఎక్కడో ఒక సెల్ దెబ్బతినడం. ప్యాక్‌లో సెల్ గుంపులన్నీ వరుసగా కలిపి ఉంటాయి. నలుగురు కలిసి నడిచేటప్పుడు వెనకబడ్డవాడి వేగమే అందరి వేగమైనట్టు, ఒక్క గుంపు ఖాళీ కాగానే మిగతావాటిలో ఎంత మిగిలి ఉన్నా కారు ఆగిపోవాల్సిందే. దీని లక్షణాలు వేరుగా ఉంటాయి. 22 శాతం చూపిస్తున్న మీటరు ఒక ఫ్లైఓవర్ ఎక్కేసరికి 11కి దూకుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పవర్ తగ్గించానని హెచ్చరిక వస్తుంది. ఛార్జ్ 97 దగ్గర గంటసేపు కూర్చుంటుంది. యాప్‌లో చూస్తే అన్ని సెల్స్ దాదాపు ఒకే ఓల్టేజీలో ఉండి, ఒకటి మాత్రం కిందికి జారి ఉంటుంది. ముఖ్యంగా ఛార్జ్ తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా బయటపడుతుంది. మొదటి జబ్బయితే ఓపిక పట్టొచ్చు. రెండోదైతే వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తాలి. మీ ఉత్తరంలో ఈ రెండో జబ్బు లక్షణం ఒక్కటీ కనిపించలేదు. ‘ఒక్కనాడూ మొరాయించలేదు’ అని మీరు రాసిన మాట నాకు ఆ 175 కన్నా విలువైనది.

ఇక వారంటీ. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే బాగుచెయ్యడం లేదా మార్చడం అని రాసిస్తాయి. మీ కాగితంలో ఏముందో మీరే తీసి చదవండి. కొన్నింట్లో ప్యాక్ పాడైతే ఎనిమిదేళ్లు, సామర్థ్యం తగ్గడానికి మాత్రం వేరే గడువు అని ఉంటుంది. ఈ సామర్థ్య పూచీ మొదటినుంచీ ఉన్నదేమీ కాదు. 2010 చివర్లో అమ్మకానికి వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ద్రవం ఉండదు, గాలికి చల్లారాల్సిందే. అమెరికాలోని ఆరిజోనా ఎండల్లో తిరిగిన ఆ కార్లలో సామర్థ్యం తొందరగా పడిపోతోందని 2012లో యజమానులు గోలపెట్టారు. ఆ తర్వాతే 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల లోపు తెర మీదున్న 12 గీతల్లో 9 కన్నా తగ్గితే బాగుచేసిస్తామని కంపెనీ రాసిచ్చింది. అడిగినవాళ్లుంటేనే ఇలాంటివి వస్తాయి. మీరూ అడగాలి.

మొదట్లో నేను చెప్పిన పని ఇదే. ఈ నెలలోనే అధీకృత సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్య పరీక్ష చేయించి, రిపోర్టు తేదీతో, కిలోమీటర్ల రీడింగుతో, శాతంతో రాతపూర్వకంగా తీసుకోండి. ‘బాగానే ఉందండీ’ అనే మాట చాలదు. తర్వాత గడువుకు మూడు వారాల ముందు మరోసారి చేయించండి. ఆఖరి రోజు దాకా ఆగకండి, ఆ రోజు అపాయింట్‌మెంట్ దొరకదు. ఫలితం 71, 72 దగ్గర వచ్చిందంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా ఈమెయిల్ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకుని పెట్టుకోండి. గడువులోపల నమోదైన ఫిర్యాదుకు బలం ఎక్కువ. ఇంకో మాట. 70 కిందకి దింపడానికి రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి ఎండలో నిలబెట్టమని మీవారికి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎన్నిసార్లు ఫాస్ట్ ఛార్జ్ చేశారో, బ్యాటరీ ఎంత వేడెక్కిందో చాలా కార్లు లెక్క రాసి పెట్టుకుంటాయి. అనుకున్నట్టు 70 కిందికి దిగకపోతే, చేతులారా పాడుచేసుకున్న బ్యాటరీ మీ దగ్గరే మిగులుతుంది.

అదే సమయంలో రీకాల్ ఉందేమో కూడా చూడండి. కారు ఛాసిస్ నంబరు కొడితే కంపెనీ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. 2021 ఆగస్టులో జనరల్ మోటార్స్ అప్పటిదాకా తయారైన షెవర్లే బోల్ట్ కార్లన్నింటినీ వెనక్కి పిలిచింది. సెల్ తయారీలో జరిగిన లోపం వల్ల మంటలు రావడం దానికి కారణం, కారు వయసు కాదు. చాలామందికి ఉచితంగా కొత్త బ్యాటరీలు వచ్చాయి. అంతకుముందే ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేసినవాళ్ల కొత్త బ్యాటరీ ఎవరికి దక్కి ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు మీ అవసరం దగ్గరికి వద్దాం. నా ఉద్దేశంలో ఎలక్ట్రిక్ కారు పనికొస్తుందా లేదా అన్నది దాని వయసును బట్టి తేలదు. ఏడాదిలో ఎన్ని రోజులు అది మీకు ‘నా వల్ల కాదు’ అంటోందో లెక్కపెట్టాలి. మీ విషయంలో అది ఐదారు ప్రయాణాలు, అంటే రానూపోనూ పది పన్నెండు రోజులు. మిగతా మూడొందల యాభై చిల్లర రోజులు? బ్యాటరీలో 32 యూనిట్లుంటే, యూనిట్‌కి 6 కిలోమీటర్ల చొప్పున 190 దాటుతుంది. మీకు కావలసింది 55. సరే, కొన్నేళ్లకి సామర్థ్యం 60 శాతానికి పడిందనుకుందాం. అప్పటికి 23 యూనిట్లు. చలికాలం హీటరో, మండువేసవిలో ఏసీయో వేసుకుని యూనిట్‌కి 4.5 కిలోమీటర్లే వచ్చినా నూరు దాటుతుంది. మీ రోజువారీ అవసరానికి దాదాపు రెట్టింపు. ఇంట్లో ప్లగ్ ఉన్నంతకాలం ఆఫీసు ప్రయాణానికి ఈ బ్యాటరీ ముసలిది కాదు.

దూరప్రయాణం లెక్క కూడా వేద్దాం, ఎందుకంటే అందులో ఒక చిత్రం ఉంది. హైవే వేగంలో యూనిట్‌కి 5 కిలోమీటర్లు, అడుగున పది శాతం ముట్టుకోకుండా వదిలేస్తే, 32 యూనిట్లకు 144 కిలోమీటర్లు. 230 చేరాలంటే దారిలో ఒక్క ఆగుడు. బ్యాటరీ 70 శాతానికి పడిపోయినా 122 కిలోమీటర్లు వస్తాయి, అప్పుడూ ఒక్క ఆగుడే, కాకపోతే ఛార్జర్ సరిగ్గా సగం దారిలో ఉండాలి. కొత్తలో? 39 యూనిట్లకు 175. అప్పుడూ ఒక ఆగుడు పడేది. అంటే బ్యాటరీ తగ్గినా తగ్గకపోయినా ఈ ప్రయాణంలో మీరు ఆగే లెక్క మారలేదు. మీ భయానికి కారణం బ్యాటరీ కాదు, పోర్టు. ఉన్న ఒక్క మెషీన్ పనిచెయ్యకపోతే రెండో దారి లేదు.

ఈ పోర్టు సంగతి మాత్రం నిజంగా గట్టి సమస్యే, మీవారి వైపు నేను నిలబడే చోటు ఇదే. చాడెమో జపాన్‌లో పుట్టిన ప్రమాణం. దాన్ని మోసుకుతిరిగిన నిస్సాన్ కూడా జపాన్ బయట అమ్మే ఆరియా అనే ఎలక్ట్రిక్ కారుకి వచ్చేసరికి సీసీఎస్ అనే మరో ఫాస్ట్ ఛార్జింగ్ ప్రమాణానికి మారిపోయింది. కొత్తగా పెట్టే స్టేషన్లలో చాలాచోట్ల చాడెమో గన్ ఉండదు, పాడైన పాతవాటిని బాగుచెయ్యడానికీ ఎవరికీ తొందర ఉండదు. బ్యాటరీ ఏడాదికి రెండు శాతం చొప్పున తగ్గుతుంటే, ఈ సౌకర్యం అంతకన్నా వేగంగా తగ్గుతోంది. సీసీఎస్ గన్‌ని చాడెమో కారుకు కలిపే అడాప్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి కారు కంపెనీ చేసినవి కావు, వాటికీ సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ప్రతి మెషీన్‌తోనూ పడవు. మీ దారిలో ఉన్న సీసీఎస్ స్టేషన్‌లో మీ మోడల్ మీదే పనిచేసిందని చూపించగలిగినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకుని ప్రయత్నించాకే కొనండి. వారంటీ ఉండగా దీన్ని వాడితే కంపెనీ ఏమంటుందో కూడా ముందే కనుక్కోండి.

లేదంటే ఇంకా సులువైన దారి: ఆ ఐదారు ప్రయాణాలకు కారు అద్దెకు తీసుకోండి. అద్దె అనగానే డబ్బు తగలేస్తున్నట్టు అనిపిస్తుంది మనకి. కానీ పది పన్నెండు రోజుల కోసం ఏడాది పొడుగునా కొత్త కారు వాయిదాలు కట్టడం, పెరిగిన బీమా కట్టడం, షోరూం దాటగానే మొదలయ్యే విలువ తరుగుదల భరించడం, ఇవన్నీ కూడా అద్దే. రసీదు రాదంతే.

ఇక్కడ డబ్బు లెక్క ఎలా వెయ్యాలో చెబుతాను. మీరు ఈ కారుని ఎంతకు కొన్నారో మరిచిపోండి. ఆ డబ్బు ఎప్పుడో పోయింది, ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగిరాదు. ఒక కాగితం మీద ఎడమవైపు, పాత కారు ఇవ్వాళ అమ్మితే వచ్చేదెంత, మూడేళ్ల తర్వాత అమ్మితే వచ్చేదెంత అని రాసి, తేడాకి మూడేళ్ల మరమ్మతులు, ఐదారు ప్రయాణాల అద్దెలు కలపండి. కుడివైపు, కొత్త కారు పూర్తి ధర, దాంట్లోంచి మూడేళ్ల తర్వాత దాని విలువ తీసేసి, వడ్డీ, పెరిగే బీమా కలపండి. పాత ఎలక్ట్రిక్ కారు పడాల్సినంత పడిపోయింది, ఇక పడేది కొంచెమే. కొత్తదానికి అసలు పతనం ముందుంది. కొత్త మోడల్ ధర తగ్గించారంటే పాతవాటి విలువ కూడా ఆ వారమే తగ్గుతుంది. 2023 జనవరిలో టెస్లా ధరలు కోసినప్పుడు వాడిన కార్ల మార్కెట్‌లో జరిగింది అదే. బ్యాటరీ ప్యాక్ తయారీ ఖర్చు 2010తో పోలిస్తే దాదాపు 90 శాతం తగ్గింది. రెండు మూడేళ్లు ఆగితే ఇదే డబ్బుకి పెద్ద బ్యాటరీ వచ్చే అవకాశముంది కాబట్టి ఆగడంలో నష్టం తక్కువ.

ఎక్స్ఛేంజ్ బోనస్ విషయంలో షోరూంవాళ్లను రెండు ధరలు విడివిడిగా అడగండి. పాత కారు ఏమీ ఇవ్వకుండా కొత్తది ఎంతకిస్తారు? కొత్తది ఏమీ కొనకుండా నా కారు ఎంతకు తీసుకుంటారు? ఈ రెండూ కాగితం మీద పెట్టించుకున్నాక ఆ బోనస్ ఎక్కడినుంచి వస్తోందో చాలాసార్లు అర్థమైపోతుంది. పాత కారు ధర తగ్గించి అదే సొమ్ముకు బోనస్ అని పేరు పెట్టి ఉంటారు, లేదా బోనస్ లేనివాళ్లకి కొత్తదాని మీద ఇచ్చే డిస్కౌంటు మీకు ఎగ్గొట్టి ఉంటారు. నిజంగానే కంపెనీ ఇస్తున్న బోనస్ కూడా కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

మీవారి వాదనలో ఇంకో నిజముంది, దాన్ని దాచను. వారంటీ అయిపోయిన మర్నాడు బ్యాటరీలో మార్పేమీ రాదు గానీ, కొనేవాడి ధైర్యంలో వస్తుంది. ఐదు నెలల పూచీ మిగిలి ఉన్న కారుకి పలికే ధర, ఏమీ మిగలని కారుకి పలకదు. ఏడాదిలోపు ఎలాగూ అమ్ముదామని మీ ఇద్దరూ ఒక మాట మీదకి వస్తే, ఆ అమ్మకం ఈ ఐదు నెలల్లోనే జరగాలి. అప్పుడు కూడా షోరూంకి కాకుండా, ఆ బ్యాటరీ రిపోర్టు చేతిలో పెట్టుకుని నేరుగా వాడుకునేవాళ్లకి అమ్మండి. ఊళ్లోనే తిరిగే రెండో కారు కావలసినవాళ్లకి పోర్టుతో పనిలేదు, మీ 83 శాతమో 80 శాతమో వాళ్లకి ధారాళంగా చాలు. ఊరికే ఏడాది, ఏడాదిన్నర నాన్చి అప్పుడు అమ్మడమే అన్నింటికన్నా చెడ్డ బేరం. ఉంచుకుంటే మూడు నాలుగేళ్లు ఉంచుకోండి.

ఉంచుకుంటే మిగతా కారు మీద కూడా కాస్త కన్ను వెయ్యండి. అందరూ పెద్ద బ్యాటరీ గురించి బెంగపడుతుంటారు గానీ, ముందు మొరాయించేది సాధారణంగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది నీరసించిందంటే తెర మీద ఒకేసారి అరడజను హెచ్చరికలు వెలుగుతాయి, కారు ఆన్ అవ్వదు. అది చూసి ఇక ప్యాక్ పోయిందని గుండె జారిపోయినవాళ్లు చాలామంది. అది చవకైన వస్తువు, ఇప్పటిదాకా మార్చకపోతే మార్చేయండి. మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి బ్రేకులు సరిగా వాడకంలో ఉండక డిస్కులు తుప్పుపడతాయి, వాటిని విప్పించి శుభ్రం చేయించండి. సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు చూపించండి, ఛార్జింగ్ పోర్టు పిన్నులు నల్లబడ్డాయేమో చూడమనండి. ఖర్చు ఎక్కువ పెట్టించగలిగేది కారులోపలుండే ఛార్జర్. అది పాడైతే ఇంట్లో ఛార్జింగే ఆగిపోతుంది. మీ మోడల్‌కి దాన్ని విడిభాగంగా బాగుచేసే బయటి మెకానిక్ ఉన్నాడో లేడో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. వారంటీ పొడిగింపు అమ్మజూపితే షరతులు చదవండి, సామర్థ్యం మెల్లగా తగ్గడాన్ని చాలావాటిలో మినహాయిస్తారు. ఫోన్ యాప్ పనిచెయ్యడం మానేస్తే కంగారుపడకండి. పాత మొబైల్ నెట్‌వర్క్‌లు మూసేసినప్పుడు పాత కార్లలోని సిమ్‌లు మూగబోతాయి, బండికి దానివల్ల ఏమీ కాదు.

ఛార్జింగ్ అలవాటు కూడా కాస్త మార్చుకోండి. 55 కిలోమీటర్ల వాడకానికి రోజూ 100 అక్కర్లేదు. 80 దగ్గర ఆపండి, తెల్లవారి బయల్దేరే వేళకి పూర్తయ్యేలా టైమర్ పెట్టుకోండి, పగలు నీడలో నిలపండి. ఇది మీ కారులాంటి నికెల్ కలిసిన బ్యాటరీలకి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉన్న కార్లకి చాలా కంపెనీలు వారానికోసారి 100 దాకా పెట్టమంటాయి. వాటి ఓల్టేజీ మధ్యలో దాదాపు కదలకుండా ఉంటుంది కాబట్టి, పైదాకా నింపితే తప్ప కారుకు తన లెక్క తనకు సరిగా తెలియదు. ఈ సమాధానం చదివి వేరే కారున్నవాళ్లు గుడ్డిగా 80 దగ్గర ఆపేస్తారేమోనని రాస్తున్నాను.

మీ అమ్మాయి ప్రశ్నకి చిన్న జవాబే ఉంది. కొత్త కారు తయారీలో, ముఖ్యంగా బ్యాటరీ తయారీలో, కాలుష్యం ఎక్కువ. ఆ మేరకు తను చెప్పింది సరైనదే. కానీ మీరు ఇచ్చేసినంత మాత్రాన పాత కారు చెత్తకుప్పలోకి పోదు. పెట్రోలు బండి మానేసి ఎవరో దాన్ని కొనుక్కుని ఇంకో ఆరేడేళ్లు తిరగొచ్చు. కారుకి పనికిరాని బ్యాటరీ కూడా ఇళ్లకి, సోలార్‌కి కరెంటు నిలవచేసే పెట్టెగా మళ్లీ పనికొస్తుంది. కాబట్టి పర్యావరణం పేరు మీద ఇటూ అటూ మొగ్గక్కర్లేదు, మీ అవసరం చూసి తేల్చుకోండి.

నా సలహా ఎప్పుడు తిరగబడుతుందో కూడా చెప్పాలి. సర్వీస్ సెంటర్ రిపోర్టులో సెల్స్ మధ్య తేడా బయటపడి, వారంటీలో బాగుచెయ్యడానికి కంపెనీ మొండికేస్తే ఇచ్చేయండి. అమ్మానాన్నల ఆరోగ్యం వల్లనో మరో కారణం వల్లనో ఆ ప్రయాణం నెలకి రెండుసార్లు అయితే ఇచ్చేయండి, అర్ధరాత్రి ఫోన్ వస్తే అద్దెకారు కోసం వెతుక్కునే పరిస్థితి ఎవరికీ వద్దు. ఇల్లు మారి ఇంట్లో ఛార్జింగ్ పోయినా అంతే. అప్పుడు కూడా సరికొత్తది కాకుండా, రెండు మూడేళ్లు తిరిగిన కారు చూడండి. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు, మీ ప్రాంతంలో ఎక్కువగా దొరికే ఛార్జింగ్ గన్‌కి సరిపడే పోర్టు, ఐదారేళ్ల బ్యాటరీ వారంటీ మిగిలి ఉండటం, ఈ మూడూ ఉంటే చాలు. మొదటి యజమాని భరించిన తరుగుదల మీకు కలిసొస్తుంది. ఇంట్లో చేసుకునే ఆ మీటరు పరీక్ష దాని మీదా చెయ్యనిమ్మని అడగండి. కుదరదంటే కంపెనీ రిపోర్టు చూపించమనండి. రెండూ కుదరవంటే ఇంకో కారు చూసుకోండి.

ఎప్పుడు ఎవరికి ఇచ్చినా, తాళాలు చేతిలో పెట్టే ముందు కారులోంచి మీ ఫోన్ కాంటాక్టులు, ఇంటి అడ్రసు, ఆఫీసు అడ్రసు చెరిపేసి, యాప్‌లో మీ అకౌంటు నుంచి ఆ కారుని తొలగించండి. లేకపోతే కొన్నవాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో మీ ఫోన్లో కనిపిస్తుంటుంది, మీరెక్కడుంటారో వాళ్ల కారులో కనిపిస్తుంటుంది.